తైకో బృందంలో అందరూ పరిగెడుతుంటే, ముందు జి మీద ఎవరున్నారో చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి జాలేసింది, ఎందుకంటే పదకొండేళ్ళ కిందట నేనూ ఇదే బురదలో దిగబడి ఉన్నాను. మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: కాలిఫోర్నియాలో ఒక బౌద్ధ ఆలయం హాల్లో శనివారం శనివారం రెండు గంటలు తైకో (జపాన్ డ్రమ్ములు) సాధన, పన్నెండు మంది, తొమ్మిదేళ్ళ పాప నుంచి అరవై ఎనిమిదేళ్ళ పెద్దాయన దాకా. నేర్పే ఆవిడ వేరే ఊరు వెళ్ళిపోయారు. రెండేళ్ళుగా వాయిస్తున్నారు కదా, చిన్నప్పుడు మృదంగం కూడా నేర్చుకున్నారట కదా అని బాధ్యత మీ నెత్తిన పెట్టారు. పది వారాల్లో ఓబోన్, అంటే పోయిన పెద్దల్ని తలుచుకుని నాట్యాలు చేసే జపాన్ బౌద్ధ పండుగ. ఏ పీస్ మొదలుపెట్టినా చివరికొచ్చేసరికి ఎక్స్‌ప్రెస్ రైలు అందుకున్నట్టు ఉంటోంది, మెట్రోనోమ్ (టిక్ టిక్ అంటూ వేగం చూపే పరికరం) పెట్టినా ఆగడం లేదు, మీరు అరిచినా ఆగడం లేదు. పైగా పెద్దాయనకి మణికట్టు నొప్పి, పాపకి బోరు.

ఇంకో ముక్క కూడా రాశారు, మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసినట్టున్నారు గానీ నాకు అసలు సంగతి అక్కడే దొరికింది. మీ దగ్గర గట్టిగా వాయించేవాళ్ళు ఇద్దరే ఉన్నారు, ఇద్దరూ ముందు వరసలో సోలోలు వాయిస్తున్నారు. మరి వెనకాల జి మీద ఎవరున్నారు? మీరు చెప్పలేదు గానీ నేను చెప్తాను, కొత్తగా చేరినవాళ్ళు. అవునా కాదా?

జి అంటే జపనీస్‌లో నేల. పీస్ అడుగున ఆగకుండా నడిచే దరువు అది. మన కచేరీలో శ్రుతికి తంబూరా ఎలాగో వీళ్ళ లయకి జి అలాగ. ఎక్కువగా షిమె అనే డ్రమ్ము మీద వాయిస్తారు, అది చిన్నది, బిగించి కట్టింది, గొంతు సన్నగా పదునుగా ఉంటుంది కాబట్టి పెద్ద డ్రమ్ముల హోరులో కూడా చీల్చుకుని వినపడుతుంది. చూడ్డానికి తేలిక, తెకె తెకె తెకె తెకె అని ఒకటే కొట్టుకుంటూ పోవడమే కదా అనిపిస్తుంది. అందుకే అన్ని బృందాలూ చేసే పొరపాటు ఒకటే, కొత్తవాళ్ళని తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెడతారు. అంటే ఇల్లు కట్టేటప్పుడు పునాది పని నిన్న చేరిన కుర్రాడికి, కిటికీల రంగు పని పెద్ద మేస్త్రీకి ఇచ్చినట్టు.

మేమూ ఏళ్ళ తరబడి అదే చేశాం. మాకు బుద్ధి చెప్పింది ఒకావిడ భుజం. ముందు వరసలో వాయించే ఆవిడకి భుజం పట్టేస్తే నెల రోజులు పెద్ద డ్రమ్ము ముట్టుకోవద్దన్నారు డాక్టరు. ఖాళీగా కూర్చోలేక స్టూలు లాక్కుని షిమె ముందు చేరి, మోచెయ్యి కూడా కదపకుండా మణికట్టుతో జి వాయించింది. ఆ రోజు పీస్ ఏ వేగంలో మొదలైందో ఆ వేగంలోనే ముగిసింది. ముగిశాక ఎవరూ మాట్లాడలేదు, ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అంతకుముందు ఆరు నెలలు ‘పరిగెత్తకండి, పరిగెత్తకండి’ అని గొంతు చించుకున్న నాకు కాస్త సిగ్గేసింది కూడా.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని, ఆ ఇద్దరిలో ఒకరిని ఈ శనివారమే జి మీదికి పంపండి. ‘సోలో తీసేశారు’ అని మొహం చిన్నబుచ్చుకుంటారు, తెలుసు. మా దగ్గర ఇప్పుడు ఒక పద్ధతి ఉంది, సోలో కావాలన్నవాళ్ళు ఎవరైనా సరే ముందు ఆ పీస్‌కి రెండు వారాలు జి వాయించి రావాలి. శిక్షలా కాదు, ప్రవేశ పరీక్షలా. నెల తిరిగేసరికి జి మీద కూర్చోవడమే గౌరవం అన్నట్టు అయిపోయింది. జి వాయించేవాళ్ళకి చెప్పాల్సింది ఒక్కటే: సోలో వాయించే మనిషి చేతులకేసి చూడొద్దు. సోలోలో ఎవరైనా తప్పితే వెంటపడి ఆదుకోవాలనిపిస్తుంది, అలా వెళ్తే ఇద్దరూ తప్పిపోతారు. ఉన్నచోటే ఉంటే, తప్పిపోయినవాడే వెతుక్కుంటూ ఇంటికొస్తాడు.

మెట్రోనోమ్ ఎందుకు పనిచేయలేదంటే ఎవరికీ వినపడక. పన్నెండు మంది కొడుతుంటే ఏ స్పీకరు చాలుతుంది? వాడాలనుకుంటే జి వాయించే ఒక్కరికే, ఒక్క చెవిలో, అదీ రెండు మూడు వారాలు. తర్వాత తీసేయండి.

ఇప్పుడు పరుగు ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దాం. నేను చూసినంతలో చేతులు పరిగెత్తవు, ఖాళీలు కుంచించుకుపోతాయి. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉన్న మౌనాన్ని వీళ్ళు ‘మా’ అంటారు. కొత్తవాళ్ళకి అది ఏమీ లేని చోటు, త్వరగా దాటేయాల్సిన చోటు, చీకటి సందులా. అక్కడ తొందరపడి తర్వాతి దెబ్బ మీద పడిపోతారు. ఉదాహరణకి ‘దోన్, దోన్, దొకొ దోన్, సు’ అనే వరస తీసుకోండి. చివరి ‘సు’ మౌనం, దానిక్కూడా ‘దోన్’కి ఉన్నంత నిడివీ ఉండాలి. నలుగురితో నాలుగుసార్లు వాయించి ఫోన్లో రికార్డు చేసి వినిపించండి, ప్రతిసారీ ఆ ‘సు’ ముప్పావుకి, సగానికి తగ్గిపోతూ ఉంటుంది.

దీనికి మందు చేతిలోనే ఉంది. తైకోలో నిలబడే తీరు, చెయ్యి ఎత్తే తీరు, ఇదంతా ‘కతా’ అంటారు, చాలామంది అది చూసేవాళ్ళ కోసం చేసే షో అనుకుంటారు. కాదు. ఖాళీ వచ్చినప్పుడు చెయ్యి పైకి ప్రయాణం చేస్తుంది. ఆ ప్రయాణం ఖాళీ అంత పొడుగు ఉండాలి. మోచెయ్యి ముందు లేచి, తర్వాత మణికట్టు, చివరికి బాచి (వాయించే కర్ర) కొన ఆకాశంకేసి, అది పూర్తిగా నిటారు అయితే గానీ కిందికి దిగకూడదు. మౌనంలో చేతికి ఒక పని ఇచ్చారంటే అది తొందరపడదు. మా పిల్లలకి నేను చెప్పేది, ‘సు’ వచ్చినప్పుడు అటక మీద డబ్బా అందుకో, డబ్బా చేతికి తగిలాకే దిగు అని. పెద్దవాళ్ళకీ అదే చెప్తాను, వాళ్ళు కాస్త నవ్వి చేస్తారు.

ఇంకో కారణం, గట్టిగా వాయించాలంటే వేగంగా వాయించాలి అని ఒంట్లో ఎక్కడో ముడిపడి ఉంటుంది. దాన్ని విడదీయాలి. ఒకే వరసని గుసగుసలా మొదలుపెట్టి, ఎనిమిది ఆవృత్తాల్లో పూర్తి గొంతుకి తీసుకెళ్ళి, మళ్ళీ ఎనిమిదింటిలో గుసగుసకి దించండి. రికార్డు చేసి మొదటి ఆవృత్తం, నడిమి ఆవృత్తం వేగం కొలవండి, ఫోన్లో తట్టి కొలిచే యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి. మేం మొదటిసారి చేసినప్పుడు నిమిషానికి 104 దగ్గర మొదలై 126 దగ్గర తేలాం. ఆ అంకె బోర్డు మీద రాసిపెట్టాం. వాదనలన్నీ ఆ రోజుతో ఆగిపోయాయి, ఎందుకంటే అప్పటిదాకా ప్రతి ఒక్కరూ పక్కవాళ్ళే పరిగెడుతున్నారని నమ్మేవారు.

మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. మన చెవికి వేగం పెరగడం తప్పుగా తోచదు. భజన చూడండి, కోలాటం చూడండి, మెల్లగా మొదలై చివరికి తాళాలు తెగిపోయేంత వేగం అందుకుంటేనే మజా. నేను కూడా మొదట్లో బృందం వేగం పెరుగుతుంటే లోపల సంబరపడిపోయేవాణ్ణి, ‘ఆహా, ఊపొచ్చింది’ అని. తైకోలోనూ పెంచే చోట్లు ఉన్నాయి, ‘ఒరోషి’ అని ఒకటుంది, విడివిడిగా బరువుగా మొదలైన దెబ్బలు దగ్గరపడుతూ చివరికి వానజల్లులా కలిసిపోతాయి. కానీ అక్కడ అందరూ కలిసి, తెలిసి పెంచుతారు. తెలిసి పెంచడం వేరు, జారిపోవడం వేరు. ఒరోషి రోజూ సాధన చేయిస్తే ఆ రెండింటి తేడా ఒంటికి తెలుస్తుంది.

మీ మృదంగం విషయానికొద్దాం. అది వరమే, కొన్ని చోట్ల శాపం కూడా. వరం ఏంటంటే నోటితో నేర్చుకోవడం మీకు అలవాటు. ‘తకధిమి తకిట’ నోట పలికాకే చేతికి రావాలని గురువుగారు మొట్టికాయ వేసి చెప్పుంటారు కదా, ఇక్కడ కూడా అంతే, దాన్ని ‘కుచి షోగ’ అంటారు. ‘దోన్’ అంటే నడిమధ్య పెద్ద దెబ్బ, ఒక మాత్ర. ‘దొకొ’ అంటే అదే మాత్రలో కుడి, ఎడమ. ‘కా’ అంటే అంచు మీద, ‘కర’ అంటే అంచు మీద రెండు. ‘త్సు’ చిన్న దెబ్బ, ‘సు’ మౌనం. షిమె మీదయితే ‘తెన్’, ‘తెకె’. ఊరూరికీ బృందం బృందానికీ కాస్త తేడాలుంటాయి, మీ పాత టీచరు ఏది నేర్పితే దాన్నే ఉంచండి, ఇప్పుడు మార్చి అందరినీ గందరగోళపెట్టొద్దు. మన జతుల్లో లెక్క ముఖ్యం, తిరగేసి మరగేసి తీర్మానం దగ్గర సమానికి తెస్తాం. కుచి షోగలో లెక్కతోపాటు ఎంత గట్టిగా, డ్రమ్ము మీద ఎక్కడ అన్నది కూడా ఆ అక్షరంలోనే ఉంటుంది. అందుకే నోటితో చెప్పేటప్పుడు ‘దోన్’ని ‘దోన్’లాగే, పొట్టలోంచి, చెప్పించాలి. గొణిగితే చెయ్యి కూడా గొణుగుతుంది.

కొత్త పీస్ నేర్పేటప్పుడు మా దగ్గర మొదటి అరగంట బాచి ముట్టుకోనివ్వను. గుండ్రంగా నిలబడి నోటితో, తర్వాత నోటితోపాటు అడుగులేస్తూ, తర్వాత తొడల మీద చేతులతో, ఆ తర్వాతే డ్రమ్ము. డ్రమ్ము దగ్గరికి వెళ్ళాక కూడా నోరు ఆపనివ్వను. పేపరు మీద రాసివ్వడం నాకు ఇష్టం ఉండదు, కాగితం చూసేవాళ్ళు పక్కవాళ్ళని వినరు. కానీ మీ పెద్దాయన అడిగితే ఇవ్వండి, వయసులో ఉన్నవాళ్ళకి గుర్తుండటం లేదన్న టెన్షన్ వేరు, దాన్ని పెంచడం దేనికి.

ఇక శాపం. మృదంగం చేతికి ఖాళీ కనిపిస్తే నింపాలనిపిస్తుంది. నేను మొదటి ఏడాది ప్రతి ‘సు’లోనూ ఏదో ఒక చిన్న తళుకు వేసేసేవాణ్ణి, నాకు తెలియకుండానే. మా అప్పటి టీచరు, ఎప్పుడూ ఎక్కువ మాట్లాడని మనిషి, ఒకరోజు నా పక్కన నిలబడి నా ఎడమ చేతి బాచి మెల్లగా తీసుకుని వెళ్ళిపోయారు. ఆ సాయంత్రమంతా ఒక్క బాచితో వాయించాను. అర్థమైంది. ఇంకోటి, కూర్చుని వేళ్ళతో వాయించే అలవాటు వల్ల మోచేతులు డొక్కలకి అతుక్కుపోతాయి. ఇక్కడ శబ్దం కాళ్ళ దగ్గర మొదలవుతుంది. ఎడమ కాలు ముందుకు, మోకాలు వంచి, కుడి కాలు వెనక నిటారుగా, బరువు బొడ్డు కింద. బరువు అక్కడ ఉందో లేదో తెలుసుకోవాలంటే పక్కవాళ్ళని నడుము మీద మెల్లగా తొయ్యమనండి, తూలితే లేనట్టే.

నేర్పేటప్పుడు నేను మూడేళ్ళు చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఎదురుగా నిలబడి నేను ‘కుడి’ అని కుడి చెయ్యి ఎత్తితే, వాళ్ళు అద్దంలో చూసినట్టు ఎడమ ఎత్తేవారు, పాపం పిల్లలయితే నోటితో ‘కుడి’ అంటూ ఎడమ ఎత్తేవారు. రెండే దారులున్నాయి. వీపు చూపించి నిలబడటం, కానీ అప్పుడు వాళ్ళు ఏం చేస్తున్నారో మీకు కనపడదు. లేదా మీరే అన్నీ తిరగేసి, ఎడమచేతివాటంగా, కుడి కాలు ముందుపెట్టి నేర్చుకోవడం. రెండోది కష్టం, నాకు ఒక వేసవి పట్టింది, కానీ దానివల్ల వచ్చే లాభం అంతా ఇంతా కాదు. పైగా నా చచ్చు ఎడమ చెయ్యి ఆ వేసవిలోనే బాగుపడింది.

తక్కువ మాట్లాడండి. ఇది నాకు నేను చెప్పుకునే మాట కూడా, ఈ సమాధానం పొడుగు చూస్తే మీకే తెలుస్తుంది. సముదాయ బృందాల్లో పీస్ ఆగిందంటే చాలు, ముగ్గురు సీనియర్లు మూడు సలహాలు ఒకేసారి మొదలుపెడతారు, అవతల చెమట ఆరిపోతుంది. ఆ రోజు ఎవరు నడిపిస్తున్నారో వాళ్ళే మాట్లాడాలి, మిగతావాళ్ళు సాధన అయ్యాక. ఆపినప్పుడు ఒక్క విషయమే చెప్పండి, పేరు పెట్టి చెప్పొద్దు, వెంటనే మళ్ళీ వాయించండి. ఎవరు తప్పారో తప్పినవాళ్ళకి మీకంటే ముందే తెలుసు.

మీ పెద్దాయన మణికట్టు గురించి: నేను డాక్టర్ని కాదు, నొప్పి తగ్గకపోతే చూపించుకోమనండి. కానీ నేను చూసినంతలో ఎక్కువమందికి కారణం బాచిని పిడికిలి బిగించి పట్టుకోవడమే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరుసులా పట్టుకుని, చివరి మూడు వేళ్ళు వదులుగా ఉంచి, దెబ్బ పడ్డాక చర్మమే బాచిని పైకి విసిరేలా వదలాలి. చాలామంది దెబ్బ కొట్టి బాచిని అక్కడే అదిమిపెడతారు, ఆ అదురంతా మణికట్టులోకి, మోచేతిలోకి వెళ్తుంది. శబ్దం కూడా చచ్చిపోతుంది, వినగానే తెలిసిపోతుంది. ఆయనకి బరువైన ఓక్ బాచి ఉంటే తీసేసి తేలిక చెక్కవి ఇవ్వండి, హినోకి దొరికితే సరే, లేకపోతే హార్డ్‌వేర్ షాపులో అంగుళం మందం పాప్లర్ కర్ర కొని పదహారు అంగుళాలకి కోసి, కొనలు ఉప్పు కాగితంతో గుండ్రంగా రుద్దితే సరిపోతుంది. పాపకి అంతకంటే పొట్టివి, సన్నవి. అవసరమైతే ఆయన్ని కొన్నాళ్ళు అతరిగానె మీద పెట్టండి, అరచేతిలో పట్టే ఆ చిన్న కంచు వాయిద్యం బృందం మొత్తాన్ని లాగగలదు. అది చిన్నచూపు కాదని ఆయనకి అర్థమయ్యేలా, ముందు మీరే ఒక రోజు దాన్ని వాయించి చూపించండి.

పాపకి బోరు కొడుతోందంటే చేతికి పని లేక. పిల్లలు ఎదురుచూడలేరు. ఒక డ్రమ్ముకి ముగ్గురు చొప్పున వరస కట్టించి, ఒకరు వాయిస్తుంటే మిగతా ఇద్దరూ నోటితో చెప్పాలి, ‘సోరె!’ ‘హా!’ అని కేకలెయ్యాలి. ఆ కేకల్ని ‘కకెగొయె’ అంటారు. పెద్దవాళ్ళు వాటికి సిగ్గుతో చచ్చిపోతారు, మన సాఫ్ట్‌వేర్ జనాలయితే మరీను. పిల్లల చేత ముందు అరిపించండి, వాళ్ళని చూసి పెద్దవాళ్ళకి నోరు పెగులుతుంది.

డ్రమ్ములు చాలక వరసలు కట్టాల్సి వస్తే పాత కారు టైర్లు తెచ్చుకోండి. టైరు మీద పార్సిళ్ళకి అంటించే వెడల్పాటి టేపుని ఈ అంచు నుంచి ఆ అంచుకి చుక్కల ముగ్గు గీతల్లా లాగి చుట్టుకుంటూ పోతే, నాలుగైదు పొరలకి డ్రమ్ము మొహంలా బిగుస్తుంది, బాచి బాగానే ఎగురుతుంది, శబ్దం పక్కింటికి పోదు. స్టూలు మీద పెట్టి వాయించండి. చాలా బృందాల్లో ఇవే వాడతారు. రెండు నెలలకోసారి టేపు మార్చాలి, అంతే.

చెవుల సంగతి ఎవరూ ఎత్తరు, నేను ఎత్తుతాను. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి ఎనిమిది గంటలు ఉండొచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగం అవుతుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. అంటే 100 దగ్గర పావుగంటే. సిమెంటు గోడల హాల్లో పన్నెండు మంది తైకో వాయిస్తే వంద దాటడం పెద్ద విషయం కాదు. ఇయర్‌ప్లగ్స్ తప్పనిసరి చెయ్యండి, పాపకి మఫ్‌లు. నాకు కుడి చెవిలో రాత్రుళ్ళు కీచురాయి కూస్తుంది, మొదటి నాలుగేళ్ళు ‘మనకేం అవుతుందిలే’ అనుకున్నందుకు.

డ్రమ్ముల సంరక్షణ గురించి రెండు ముక్కలు. మన డప్పుని మంట దగ్గర కాచినట్టు వీటిని కాచకూడదు, నగదో మీద, అంటే పీపాలాంటి పెద్ద డ్రమ్ము మీద, చర్మం మేకులతో శాశ్వతంగా బిగించేసి ఉంటుంది, వేడికి ఎండి పగులుతుంది. ఎండలో కారులో వదిలేయొద్దు, హీటరు గాలి తగిలే మూల పెట్టొద్దు. తాళ్ళ షిమె అయితే వాయించాక వదులు చేయండి. దాటుకుంటూ వెళ్ళకూడదు, దాని మీద నీళ్ళ సీసా పెట్టకూడదు, ఆనుకోకూడదు. ఇది మీకు చెప్పక్కర్లేదు, కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇంట్లో పెరిగినవాళ్ళం. సాధన మొదట్లో ‘ఒనెగైషిమాసు’ (దయచేసి అని), చివర్లో ‘అరిగతో గొజైమాషిత’ (కృతజ్ఞతలు అని), ఆ తర్వాత అందరూ కలిసి నేల తుడవడం, ఇవి టైం లేదని ఎప్పుడూ ఎగ్గొట్టొద్దు. నేను ఒక సీజన్లో ఎగ్గొట్టాను, పీస్‌కి ఇంకో పది నిమిషాలు దొరుకుతాయని. మనుషులు ఆలస్యంగా రావడం, మధ్యలో వెళ్ళిపోవడం మొదలైంది.

ఇప్పుడు ఏ పీస్ వాయించాలి అన్న ప్రశ్న. మీరు యూట్యూబ్‌లో ఒకటి చూసి నచ్చి, రాసుకుని నేర్పుదామనుకుంటున్నాను అన్నారు. ఆగండి. మేం సరిగ్గా అలాగే చేశాం. వాయించాక జనం చప్పట్లు కొట్టారు, అంతా అయ్యాక వేరే బృందం పెద్దావిడ ఒకరు వచ్చి మర్యాదగా, ‘ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నారు?’ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అంతకంటే ఒక తిట్టు తిట్టినా బాగుండేది. ఈ లోకంలో పీస్‌కి ఊరుంటుంది, నేర్పిన మనిషి ఉంటాడు. చిచిబు దరువు ఆ ఊళ్ళో డిసెంబర్ 3 రాత్రి జరిగే రథాల పండుగది, వాయించేవాళ్ళు రథం లోపల కనపడకుండా కూర్చుని వాయిస్తారు. మియాకె దరువు టోక్యోకి దక్షిణాన ఉన్న మియాకె దీవిది, అంత కిందికి వంగి వాయించే తీరు అక్కణ్ణుంచి వచ్చింది. ఇవి నేర్పే వర్క్‌షాపులు జరుగుతుంటాయి, వెళ్ళి నేర్చుకుని, అడిగి వాయించండి. లేదా రాసినవాళ్ళే అందరూ వాయించుకోవచ్చని ఇచ్చిన పీస్‌లు ఉన్నాయి, పక్క ఊరి బృందాన్ని అడిగితే చెప్తారు. మీ పాత టీచరుకి ఒక ఫోను కొడితే ఇంకా తేలిక.

అలాగని ఇదంతా వేల ఏళ్ళ నాటిది, ముట్టుకోకూడనిది అని భయపడకండి. డ్రమ్ములు పాతవే, కానీ ఇలా రకరకాల సైజులు పెట్టుకుని బృందంగా వాయించే ‘కుమి దైకో’ 1951లో నగానోలో ఒగుచి దైహాచి అనే జాజ్ డ్రమ్మర్ మొదలుపెట్టింది. ఇక్కడ 1968లో శాన్ ఫ్రాన్సిస్కోలో, 1969లో లాస్ ఏంజిలిస్‌లో, 1973లో శాన్ హోసేలో మొదటి బృందాలు పుట్టాయి. రెండో ప్రపంచ యుద్ధంలో లక్షకి పైగా జపనీస్ అమెరికన్లని శిబిరాల్లో పెట్టారు, ఆ తర్వాత వచ్చిన తరం ‘మేం ఎవరం’ అని గట్టిగా చెప్పుకోవడానికి పట్టుకున్న వాయిద్యం ఇది. జపాన్ నుంచి డ్రమ్ములు తెప్పించుకునే డబ్బుల్లేక లాస్ ఏంజిలిస్‌వాళ్ళు పాత వైన్ పీపాలకి చర్మం బిగించారు, మీ హాల్లో ఉన్నవి కూడా అలాంటివే అయ్యుండొచ్చు. మనం బయటినుంచి వచ్చి చేరినవాళ్ళం, మీకు ఇప్పుడు నేర్పే బాధ్యత కూడా ఇచ్చారు కాబట్టి ఈ కథ కొత్తవాళ్ళకి ఒకసారైనా చెప్పండి, లేదా ఆలయంలో పెద్దవాళ్ళని పిలిచి చెప్పించండి, అది ఇంకా మంచిది.

ఇంకొకటి, ఇది మన డప్పు తెలిసినవాళ్ళకి వెంటనే ఎక్కుతుంది. జపాన్‌లో చర్మం పని చేసేవాళ్ళని తరతరాలుగా అంటరానివాళ్ళుగా చూశారు. చట్టం 1871లో ఆ ముద్ర తీసేసినా మనుషులు తీయలేదు. డ్రమ్ము పండుగలో ఉండాలి, దాన్ని చేసినవాడు ఉండకూడదు. ఒసాకాలో డ్రమ్ములు చేసే నానివా పేటలో కుర్రాళ్ళు 1987లో ‘ఇకారి’ అని తమ సొంత బృందం పెట్టుకున్నారు, ఆ మాటకి అర్థం కోపం. దండోరా ఉద్యమం డప్పు ఎందుకు భుజాన వేసుకుందో తెలిసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పాలా?

ఓబోన్‌కి మాత్రం ఒక చిట్కా. స్టేజీ మీద మీ పీస్ ఒకటయితే, నాట్యానికి తోడు వాయించడం ఇంకొకటి. దానికి సాధనలో నాట్యం చేసేవాళ్ళని ఇద్దరినైనా పిలవండి. అక్కడ వేగం మీ చేతిలో ఉండదు, డెబ్బై ఏళ్ళ అమ్మమ్మల కాళ్ళలో ఉంటుంది. వాళ్ళ పాదం నేలకి తగిలే క్షణం చూసి వాయించమనండి. మా ముందు వరస వీరులు మొదటిసారి అలా వాయించినప్పుడు, వేగం పెరిగితే ఒకావిడ ఆగి, నడుము మీద చెయ్యి పెట్టుకుని మాకేసి చూసింది. నా మెట్రోనోమ్ ఎప్పుడూ అంత బాగా పనిచేయలేదు.

పది వారాలు చాలు. మొదటి మూడు వారాలు కొత్త పీస్ జోలికి వెళ్ళకండి, ఉన్నదాన్నే నెమ్మదిగా, సగం గొంతులో. నాలుగు నుంచి ఏడు దాకా జతలు మార్చి మార్చి, ఎవరు రాకపోయినా ఇంకొకరు ఆ చోట నిలబడేలా, ఎందుకంటే వేసవిలో ఎవరో ఒకరు ఇండియా వెళ్తారు, ఎవరికో జ్వరం వస్తుంది. చివరి మూడు వారాలు ఆపకుండా మొదటినుంచి చివరిదాకా, తప్పినా ఆగకుండా, డ్రమ్ములు మోసి పెట్టడం దించడంతో సహా, బూట్లు లేకుండా, పండుగ రోజు వేసుకునే బట్టల్లో ఒకసారి.

ఈ శనివారం జి మార్చి వాయించి, పాత రికార్డింగ్, కొత్త రికార్డింగ్ రెండింటికీ మొదటి నిమిషం, చివరి నిమిషం వేగం కొలిచి ఇక్కడ రాయండి. జి మీద ఎవరిని కూర్చోబెట్టారో, వాళ్ళు ఎంతసేపు అలిగారో కూడా రాయండి.